ఒకసారి తడితే ఆగు

నేను ఒక నకిలీని. సిగ్గుపడి చెప్తున్న మాట కాదిది, నా పుట్టుకే అంత. నన్ను డిజిటల్ పియానో అంటారు. నా లోపల వెతికినా ఒక్క తీగ దొరకదు. ఎక్కడో చలిదేశంలో ఒక పెద్ద హాల్లో అసలు పియానో ఒకటి ఉందట. దాని ఎనభై ఎనిమిది మీటల్నీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, ఇంకా గట్టిగా ఇంకోసారి నొక్కి, ఆ శబ్దాలన్నీ పట్టుకొచ్చి నా పొట్టలో పెట్టారు. కాబట్టి గొంతు నాది కాదు. ఒళ్ళు మాత్రం నాదే. సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని నా మీటలు బిగించారు. ఒక్కో మీట వెనకా ఒక చిన్న సుత్తి పెట్టారు. ఆ సుత్తి దేన్నీ కొట్టదు. నొక్కినవాళ్ళ వేలికి బరువు తెలియడానికే అది ఉంది. నా గొంతు గురించి అట్టపెట్టె మీద నాలుగు భాషల్లో పొగుడుతూ రాశారు గానీ ఆ సుత్తి ఊసే ఎత్తలేదు.

విశాఖపట్నంలో ఒక సంగీత వాయిద్యాల షాపులో ఏడాదిన్నర నిలబడ్డాను. వచ్చినవాళ్ళందరూ ఒక వేలితో నన్ను మూడుచోట్ల పొడిచి, ఏదో తెలిసినట్టు తలూపేవాళ్ళు. ఒకాయన ఇందులో డోలు చప్పుడు వస్తుందా అని అడిగాడు. ఒకావిడ తన సోఫా రంగుకి నేను సరిపోతానో లేదో చూసి, సరిపోనని వెళ్ళిపోయింది. నేను అసలు పియానోలా ఉన్నానో లేదో తేల్చాలంటే అసలు పియానో తెలిసుండాలి కదా, అలాంటివాళ్ళెవరూ రాలేదు. నా సొంత బడాయిలో నేనుండేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కరుణామణి వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, పల్చగా ఉంది. రెండు చెవుల్లోనూ మిషన్లున్నాయి. వెనకాల ఆవిడ భర్త ఎలీషా, తాటిచెట్టంత ఎత్తు మనిషి, ఫ్లాస్కూ సంచీ పట్టుకుని నిలబడ్డాడు. కాకినాడ నుంచి తెల్లారుగట్ల బస్సెక్కి వచ్చారు.

టై కట్టుకున్న సేల్స్‌మన్ వాళ్ళని చూడగానే పరుగెత్తుకొచ్చాడు. వరసగా ఉన్న అయిదారు పియానోలకీ స్విచ్చి వేసి, ఒక్కోదాని గొంతు ఎంత గొప్పదో వివరించడం మొదలెట్టాడు. కరుణామణి అతని పెదాల వైపు కాసేపు చూసి, చెయ్యెత్తి ఆపింది.

"కరెంటు తీసెయ్యండి," అంది, వినపడనివాళ్ళు మాట్లాడినట్టు కాస్త గట్టిగా.

అతను నోరెళ్ళబెట్టాడు. ఆవిడ మొదటి పియానో ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, ఎడమవైపు చివరి మీటని బహు నెమ్మదిగా నొక్కింది. ఎంత నెమ్మదిగా అంటే, ఆ మీట కిందికి చేరేలోపు సేల్స్‌మన్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. తర్వాత మధ్యలో ఒకటి, కుడి చివర ఒకటి నొక్కింది. అసలు పియానోలో లావు తీగల వైపు మీటలు బరువుగా ఉంటాయి, సన్న తీగల వైపు వచ్చేకొద్దీ తేలికవుతాయి. ఆవిడ వేళ్ళు వెతుకుతున్నది అదే. మొదటిది తడి స్పాంజి నొక్కినట్టుందని లేచిపోయింది. రెండోదాని లోపల స్ప్రింగులున్నాయి, అది వేలిని తిరిగి నెడుతోందట. అసలు మీట నెట్టదు, తన బరువు మన వేలికి అప్పగించి ఊరుకుంటుంది, అని ఎలీషాకి చెప్పింది. మూడోదాని మీద మీటల చప్పుడు టకటకమని సేల్స్‌మన్‌కే వినపడి, అతనే మొహం తిప్పుకున్నాడు.

నా దగ్గరికి వచ్చేసరికి గంటన్నర అయింది. నొక్కింది. నా మీట మెల్లగా దిగి, అడుగుకి చేరే ముందు వెంట్రుకవాసి దూరంలో ఒక చిన్న పట్టు పట్టి వదిలింది. అసలు పియానోలో సుత్తి తీగ మీదికి ఎగిరే క్షణాన వేలికి తెలిసే పట్టు అది. ఆవిడ మళ్ళీ నొక్కింది. మళ్ళీ. కళ్ళు తెరిచింది గానీ ఎవరినీ చూడలేదు.

"ఏవండీ, ఇది మన చర్చి పియానోలాగే ఉంది," అంది.

సేల్స్‌మన్ ఆగలేక ఎలీషాని పక్కకి పిలిచి, శబ్దం వినకుండా పియానో కొనేవాళ్ళని ఇంతవరకూ చూడలేదన్నాడు. ఆవిడకి ఇంక వినపడదు బాబూ, మిషన్లు కూడా అలవాటుకొద్దీ పెట్టుకుంటోందని ఎలీషా చెప్పాడు. మరి పియానో ఎందుకండీ అని అతను అడిగేశాడు.

"చేతులున్నాయి కదా," అన్నాడు ఎలీషా.

నిజం చెప్పొద్దూ, నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ గొంతు చూసుకుని మురిసిపోయినవాణ్ణి, ఒళ్ళు చూసి ఎంచుకున్నారు.

జగన్నాథపురంలో ఇరుకు మెట్ల మేడ మీద వాళ్ళిల్లు. అసలు పియానో ఆ మెట్లెక్కదు. ఎక్కినా, సముద్రపు గాలికి తీగలు తుప్పు పడితే బిగించేవాడు చుట్టుపక్కల ఎక్కడా లేడు. అందుకని నేను. ముందుగదిలో కిటికీ పక్కన నిలబెట్టారు. ఆవిడ కథ అక్కడే, వచ్చేపోయేవాళ్ళ మాటల్లో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది.

కరుణామణి పేటలోని స్కూల్లో టీచరు. పిల్లల్లేరు గానీ పేటలో సగంమందికి అక్షరాలూ పాటలూ నేర్పింది ఆవిడే. దొరల కాలం నాటి చర్చి పియానో మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆదివారం ఆరాధనలో వాయించింది. చివరి మూడు నాలుగేళ్ళు చెవులు మెల్లగా పోతూ వచ్చాయి. ఆవిడకి తన వాయింపు వేళ్ళలో తెలిసేది గానీ, జనం ఏ చరణంలో ఉన్నారో తెలిసేది కాదు. ఒక చరణం రెండుసార్లు వాయించేసేది, లేదా వెనకబడిపోయేది.

ఎవరూ చెప్పలేదు. ఎలా చెప్తారు? అందరూ ఆవిడ చేతికింద పెరిగినవాళ్ళు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. పాట నడిపించేది హెప్సిబా, బ్యాంకులో పనిచేసే నలభై ఏళ్ళ మనిషి, చిన్నప్పుడు ఆవిడ దగ్గరే నేర్చుకుంది. ఆమె చెయ్యెత్తగానే జనమంతా ఆఖరి చరణం ఇంకోసారి ఎత్తుకునేవాళ్ళు. ఆవిడ వాయింపు ముగిసేదాకా ఎన్నిసార్లయితే అన్నిసార్లు. ఏడాదిన్నర ఇలాగే నడిచింది. పొరుగూరి నుంచి వచ్చిన ఒక పాస్టరు గారు ఇదేదో ఈ చర్చి ఆచారం కాబోలు అనుకుని, చాలా బాగుందని మెచ్చుకుని, తన చర్చిలో కూడా మొదలుపెట్టించాడట.

చివరికి ఒక పెళ్ళి వీడియో బయటపెట్టింది. ఫోన్లో ఎవరో చూపిస్తే కరుణామణి చూసింది. తన చేతులు ఇంకా మీటల మీద ఆడుతున్నాయి. వెనక జనం నోళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. హెప్సిబా చెయ్యి లేచింది. నోళ్ళన్నీ మళ్ళీ తెరుచుకున్నాయి. ఆవిడ ఆ ముక్కని నాలుగుసార్లు వేయించుకుని చూసింది. మర్నాడు పియానో మూత తాళం తీసుకెళ్ళి పాస్టరు గారి చేతిలో పెట్టేసింది. హెప్సిబా ఇంటికొచ్చి ఏడిస్తే, ఆవిడ కోప్పడలేదు.

"నలభై ఏళ్ళు మీ తప్పులు దిద్దాను. నాకు తప్పు పోతే చెప్పేవాళ్ళు ఒక్కరు లేకపోయారు," అంది.

అప్పటినుంచి ఒకటే పంతం. తన వాయింపు ఇంక ఎవరి చెవినా పడకూడదు. అందుకే నన్ను కరెంటు లేకుండా వాయించేది. రోజూ సాయంత్రం దీపాలు పెట్టేలోపు గంటసేపు. నా ముందువైపు చిన్న ఎర్ర లైటు ఉంటుంది. అది వెలగడం లేదని చూసుకుని మరీ కూర్చునేది. బయటివాళ్ళకి మీటల మెత్తటి చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ ఆవిడ మొహం చూస్తే పాట నడుస్తున్నదని తెలిసేది. ఏ తీగనీ కొట్టని నా సుత్తులు ఆవిడకి పాట మోసేవి. నా గొంతుకన్నా వాటికే విలువ ఉన్న ఇల్లు అది.

ఇందులో నలిగిపోయింది ఎలీషా. ఆర్టీసీలో ముప్ఫైనాలుగేళ్ళు కండక్టరుగా చేశాడు. ఆదివారాలు రద్దీ, సెలవు దొరికేది కాదు. పెళ్ళాం వాయిస్తుంటే కూర్చుని విన్నది క్రిస్మసుకీ ఈస్టరుకీ, అదీ డ్యూటీ పడకపోతే. రిటైరయ్యాక ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటానని బస్సులో తోటివాళ్ళకి కూడా చెప్పుకున్నాడు. రిటైరైన వారంలోనే ఆవిడ తాళం ఇచ్చేసింది. ఇప్పుడు ఎదురుగా, మూడడుగుల దూరంలో ఆవిడ వాయిస్తుంటే ఇతనికి టకటక తప్ప ఏమీ వినపడదు. ఒకరోజు స్విచ్చి వెయ్యనా అని సైగచేసి అడిగాడు. ఆవిడ వేళ్ళు మీటల మీంచి తీసేసింది. మళ్ళీ అడగలేదు.

అడగలేదు గానీ ఒక పని చేశాడు. కరెంటు తీగలకి చుట్టే నల్ల టేపు చిన్న ముక్క చింపి నా ఎర్ర లైటు మీద అంటించాడు. సాయంత్రం ఆవిడ కూర్చునే ముందు నా వెనక చెయ్యి పెట్టి స్విచ్చి వేశాడు. శబ్దం బాగా తగ్గించి, కిటికీలు మూసి, పేపరు చదువుతున్నట్టు కుర్చీలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో నేను మొదటిసారి గొంతు విప్పాను. ఎలీషా పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు. ఆవిడకి కనపడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. చర్చివాళ్ళు చేసిన పనే తనూ చేస్తున్నానని అతనికి తెలియదా? తెలుసు. పాట అయిపోయాక ఆవిడ వైపు చూడలేక వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేవాడు. అయినా మర్నాడు మళ్ళీ స్విచ్చి వేసేవాడు. మనుషులు తప్పని తెలిసి చేసే పనుల్లో అంత ప్రేమ ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు.

పదహారు రోజులు దాగింది. పదిహేడో రోజు ఆశ ఎక్కువై శబ్దం కొంచెం పెంచాడు. ఎడమవైపు లావు స్వరాలు మోగేసరికి నా చెక్క సన్నగా వణికింది. అది నా తప్పే, నేనేం దాచుకోగలను? ఆవిడ మోకాలు నా అడుగు చెక్కకి ఆనుకుని ఉంది. వేళ్ళు ఆగిపోయాయి. వంగి, లైటు ఉండాల్సిన చోట తడిమి, గోటితో టేపు లాగేసింది. ఎర్ర లైటు వెలుగుతోంది.

"మీరు కూడానా," అంది.

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వండి పెట్టేది, అంతే. నాలుగోరోజు పొద్దున ఎలీషా కుర్చీ లాక్కొచ్చి, తన పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చున్నాడు.

"దాచాను, తప్పే. కానీ నేను చర్చివాళ్ళలాగా అబద్ధం ఆడను మణీ. మొన్న మంగళవారం రెండో చరణంలో రెండుచోట్ల తప్పావు. బుధవారం మొదలుపెట్టడమే తప్పు మీట మీద మొదలుపెట్టావు. శుక్రవారం అసలేం బాగోలేదు."

నేననుకున్నాను, అయిపోయింది, ఈ సంసారం ఇంతటితో సరి అని. కానీ కరుణామణి మొహం విప్పారింది. నన్ను ఎంచుకున్న రోజు తర్వాత ఆ మొహంలో అంత వెలుగు చూడటం అదే. శుక్రవారం ఎక్కడ తప్పిందో చెప్పమంది. ఆయనకి స్వరాల పేర్లు తెలియవు, కీర్తన మాటలు మాత్రం చిన్నప్పటినుంచీ నోటికి వచ్చు. ఫలానా మాట దగ్గర అని చెప్పాడు. ఆవిడ అక్కడ వేళ్ళు పెట్టి చూసుకుంది. నిజమే, ఉంగరపు వేలు జారుతోంది.

ఆ రోజు ఒక ఒప్పందం కుదిరింది. ఆయన వెనక నిలబడి ఆవిడ కుడి భుజం మీద చెయ్యి వేసేవాడు. తప్పు పోతే ఒకసారి తట్టేవాడు, ఆవిడ ఆగేది. దిద్దుకుని మళ్ళీ వాయించాక సరిగ్గా ఉంటే రెండుసార్లు తట్టేవాడు, ముందుకి సాగేది. బస్సులో బెల్లు ఒకటి కొడితే ఆగడం, రెండు కొడితే రైట్ కదా, ముప్ఫైనాలుగేళ్ళు చేసిన పనే. స్విచ్చి ఇప్పుడు ఆవిడే వేసేది. కిటికీలు మాత్రం మూసే ఉంచేవాళ్ళు. ఇద్దరికీ తప్ప మూడోవాళ్ళకి వినిపించడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒకసారి ఎలీషా నా దుమ్ము తుడుస్తూ ఏదో బటన్ నొక్కేశాడు. నా పియానో గొంతు పోయి వేణువు గొంతు వచ్చింది. నాలుగురోజులపాటు ఆయన ఒక్కసారీ ఆపలేదు, ఆవిడ వాయింపు ఎక్కడికో వెళ్ళిపోయిందని మురిసిపోతూ నిలబడ్డాడు. చివరికి చెక్క ఎప్పటిలా వణకడం లేదేంటని ఆవిడే కనిపెట్టింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

రానురాను తట్టడం ఎక్కువైంది. ఎప్పుడో విన్న పాట ఆవిడ లోపల ఎంతకాలమని నిలుస్తుంది? అంచులు అరిగిపోతూ వచ్చాయి. మొదట్లో పాటకి ఒకటో రెండో తప్పులు పోయేవి, తర్వాత చరణానికి రెండు మూడయ్యాయి. తట్టే ముందు ఆయన చెయ్యి ఒక క్షణం ఆగేది. ఆ ఆగడం నాకు కనపడేది. ఈసారికి వదిలేస్తాడేమో అనుకునేవాణ్ణి. వదల్లేదు. ఒక్కరోజు కూడా వదల్లేదు. తట్టేవాడు, ఆవిడ ఆగేది, దిద్దుకునేది. ఆ చెయ్యి ఉంది కాబట్టే ఆవిడ ధైర్యంగా వాయించేది. చెయ్యి ఊరికే ఉందంటే అప్పటిదాకా అంతా సరిగ్గా ఉన్నట్టే కదా.

శ్రావణమాసం వానల్లో ఒక ఉదయం ఎలీషాకి గుండెలో నొప్పి వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి తీసుకొచ్చినప్పుడు తెల్లగుడ్డ కప్పి ఉంది. నన్ను గోడకి జరిపి ఆయన్ని ముందుగదిలో పడుకోబెట్టారు. కరుణామణి ఆయన కుడిచెయ్యి పట్టుకుని కూర్చుంది. పెట్టె మూసేదాకా వదల్లేదు.

పదకొండో రోజు సాయంత్రం అదే గదిలో ఆదరణ కూడిక పెట్టారు. చర్చివాళ్ళు నలభైమంది వచ్చారు, మెట్ల మీద కూడా కూర్చున్నారు. పాస్టరు గారు వాక్యం చదివి ప్రార్థన చేశాక, ఎలీషాకి ఇష్టమైన కీర్తన పాడదామన్నాడు. అప్పుడు కరుణామణి లేచింది. వచ్చి నా ముందు కూర్చుని స్విచ్చి వేసింది. గదిలో గుసగుసలు పుట్టాయి. ఆవిడ అందరివైపూ తిరిగింది.

"నాకు తప్పు పోతే ఆయన భుజం తట్టి చెప్పేవారు. ఇవాళ హెప్సిబా చెప్తుంది. ఒకసారి తడితే ఆగుతాను. మొహమాటపడకమ్మా, నాకు ఆ సాయం చెయ్యి."

హెప్సిబా అలాగేనని తలూపింది. వచ్చి వెనక నిలబడి, ఆవిడ కుడి భుజం మీద చెయ్యి వేసింది.

మొదటి చరణంలో ఒకచోట ఉంగరపు వేలు జారింది. చెయ్యి తట్టలేదు. జనం ఆ తప్పు స్వరం మీదికే తమ గొంతు వంచి, ఏమీ జరగనట్టు పాడుకుంటూ పోయారు. అలవాటైన పనే కదా. రెండో చరణంలో రెండు తప్పులు పోయాయి. తట్టలేదు. హెప్సిబా కళ్ళు మూసుకుని ఏడుస్తోంది. ఏడుస్తూనే పాడుతోంది.

మూడో చరణం సగంలో ఉండగా ఆవిడ కుడిచేతి చూపుడువేలు దిగింది. పొరపాటున జారే వేలు నాకు తెలుసు. అది మీట అంచున సగం బరువుతో పడి, పడగానే బెదిరి లేస్తుంది. ఇది అలా పడలేదు. అస్సలు సంబంధం లేని మీట మీద, నడిమధ్యన, నిండు బరువుతో దిగి, అక్కడే నిలిచింది. గదిలో అపశ్రుతి మోగింది. మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. ఆవిడ వేలు తియ్యకుండా, తల కొంచెం కుడివైపు వంచి, భుజం మీదికి వచ్చే ఆ ఒక్క తట్టు కోసం చూసింది.

జనం పాడుతూనే ఉన్నారు. చెయ్యి కదల్లేదు.

ఆవిడ వేలు తీసింది. మిగతా చరణం వాయించింది. చివర్లో హెప్సిబా ఇంకో చెయ్యెత్తితే, అందరూ ఆఖరి చరణం రెండోసారి పాడారు.

పాట అయ్యాక హెప్సిబా ముందుకొచ్చి, పెదాలు కనపడేలా వంగింది.

"ఒక్క తప్పు కూడా పోలేదు టీచర్ గారూ," అంది.

కరుణామణి ఆ పెదాలు చదివింది. ఆ పిల్ల చెంప మీద తడి తన పైటకొంగుతో తుడిచింది.

"మంచిదమ్మా. పొద్దుపోతోంది, అందరికీ భోజనాలు పెట్టండి," అంది.

అని, నా స్విచ్చి ఆపేసింది. ఇప్పటికీ రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని వాయిస్తుంది. ఆ స్విచ్చి మాత్రం మళ్ళీ వెయ్యలేదు.